‘అవంక్యులర్’కు ‘మామ వంటి’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల పేజీల్లో రోజుకో ఆంగ్ల పదం ఇచ్చి, పక్కన ఒక్క తెలుగు మాట పెట్టి వదిలేయడం మీ విద్యా పేజీతో సహా చాలా పత్రికల్లో ఉన్నదే. వస్తువుల పేర్లకు అది చెల్లుతుంది. అరుదైన విశేషణాల దగ్గర మాత్రం అభ్యర్థిని నట్టేట ముంచుతుంది. ‘అవంక్యులర్’ (avuncular)నే తీసుకోండి. ‘మేనమామకు సంబంధించిన’ అన్న అర్థం తప్పేమీ కాదు. కానీ అదొక్కటే బట్టీపట్టినవాడు మామయ్యగారి ఇంటిని ‘అవంక్యులర్ హౌస్’ అని రాసేస్తాడు. ఆంగ్లంలో అలా ఎవరూ అనరు.

లాటిన్‌లో ‘అవంకులుస్’ అంటే తల్లి తోడబుట్టినవాడు. తాతను ‘అవుస్’ అంటారు; దానికి ముద్దు రూపమే ఇది, అంటే ‘చిన్న తాత’ అన్నమాట. తండ్రి సోదరుడికి రోమన్లు వేరే పేరు పెట్టుకున్నారు, మనం మేనమామను, బాబాయిని వేరుగా పిలిచినట్టే. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చి ‘అంకుల్’ అయ్యేసరికి ఆ తేడా పోయింది. అందుకే నేటి వాడుకలో అవంక్యులర్‌కు మేనమామ వరుసతో పనిలేదు. వయసులోనో అనుభవంలోనో పెద్దవాడైన మగమనిషి, తనకంటే చిన్నవాళ్లతో దర్పం లేకుండా, చనువుగా, ఆదరంగా మెలిగే తీరును చెబుతుంది. అసలు చుట్టరికమే ఉండక్కర్లేదు. 1962 నుంచి 1981 దాకా అమెరికాలో సీబీఎస్ టీవీ సాయంత్రపు వార్తలు చదివిన వాల్టర్ క్రాంకైట్‌ను జనం ‘అంకుల్ వాల్టర్’ అనేవారు. ఆయన గురించిన వ్యాసాల్లో ఈ విశేషణం తరచూ కనిపిస్తుంది.

‘మామ వంటి’ అన్న అనువాదం ఇంకా ఇబ్బంది పెడుతుంది. తెలుగులో మామ అంటే మేనమామ, పిల్లనిచ్చిన మామ, ఈ మధ్య కుర్రకారు నోట స్నేహితుడు కూడా. పైగా మన పురాణాల్లో శకుని, కంసుడు ఇద్దరూ మేనమామలే! ఏ మామో చెప్పకుండా ‘మామ వంటి చిరునవ్వు’ అంటే పాఠకుడికి ముందు శకునే గుర్తొస్తాడు. ‘పెద్దరికం, ఆప్యాయత కలిసిన’ అంటే అర్థానికి దగ్గరగా ఉంటుంది.

ఈ పదం పక్కన కూర్చునే నామవాచకాలు కొద్దే: మ్యానర్, టోన్, స్మైల్, అడ్వైస్, ఫిగర్. వీటిలో మూడింటితో సొంత వాక్యాలు రాసుకుంటే వాడుక పట్టుబడుతుంది. కొత్తగా చేరిన ఉద్యోగికి పని నేర్పే సీనియర్ గొంతుకు ఇది నప్పుతుంది. కలెక్టరుతో మాట్లాడే జూనియర్ అసిస్టెంటుకు నప్పదు, ఎందుకంటే ఆదరం ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తోందని ఈ మాట చెబుతుంది. ఫలానావారి పట్ల అనాలంటే ‘టువర్డ్స్’ గానీ ‘విత్’ గానీ వాడాలి. ‘మై అవంక్యులర్ అంకుల్’ అంటే చెప్పిందే చెప్పినట్టు. మెప్పులో చిన్న మెలిక కూడా ఉంది: ఒక నాయకుణ్ని అవంక్యులర్ అని రాసి వెంటనే ‘బట్’ పెడితే, పైకి కనిపించే మెత్తదనం వెనక మరో మనిషి ఉన్నాడని విలేకరి సూచిస్తున్నట్టే.

ఉచ్చారణలో ఊనిక రెండో అక్షరం మీద. వంకాయలో ‘వం’ ఎలా పలుకుతామో ఇక్కడా అంతే. మొదటి ‘అ’ తేలిగ్గా జారిపోవాలి. ‘ఏవన్‌క్యులర్’ అనడం స్పెల్లింగు చూసి చేసే పొరపాటు.

మన ప్రాంతపు విద్యార్థులు జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. మానవశాస్త్రం, జన్యుశాస్త్రం రాతల్లో ‘అవంక్యులర్ మ్యారేజ్’ అని కనిపిస్తే అది ఆదరంగా జరిగిన పెళ్లి కాదు, మేనమామ మేనకోడలి పెళ్లి. అక్కడ పదం తన పాత అర్థానికి తిరిగి వెళ్తుంది. మేనరికాల్లో బావామరదళ్ల పెళ్లికి పుట్టే బిడ్డలో అంతఃప్రజనన గుణకం (తల్లిదండ్రుల రక్తసంబంధం ఎంత దగ్గరిదో చెప్పే లెక్క) 1/16 అయితే, దీనిలో 1/8. ఆ రెంటినీ ‘మేనరికం’ అన్న ఒకే మాటతో అనువదిస్తే లెక్క తారుమారవుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఈ సంబంధాన్ని నిషిద్ధ సంబంధాల్లో చేర్చి, ఇరుపక్షాల ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు ఇచ్చింది. న్యాయ వార్తలు తర్జుమా చేసేవారికీ ఈ తేడా అవసరమే.

లండన్ యాసలో ఒకప్పుడు తాకట్టు వ్యాపారిని ‘అంకుల్’ అనేవారు. పాత హాస్య రచనల్లో అవంక్యులర్‌కు ఆ అర్థమూ తగలొచ్చు. పరీక్షకు అక్కర్లేదు. ‘నెపోటిజం’ (బంధుప్రీతి) మాత్రం పక్కనే నేర్చుకోవచ్చు. పోపులు తమ సోదరుల, అక్కచెల్లెళ్ల కొడుకులకు పదవులు కట్టబెట్టడంతో పుట్టిన మాట అది. మామ పేరు మంచి విశేషణమైతే, మేనల్లుడి పేరు తిట్టయి కూర్చుంది.

మీ విద్యా పేజీలో అర్థం కింద మరో రెండు వరుసలు కేటాయించమని మనవి. ఒకదానిలో పదం ఎవరికి, ఏ నామవాచకంతో వాడతారో. రెండో దానిలో ఎక్కడ వాడకూడదో. చోటు చాలకపోతే వారానికి ఆరు పదాల బదులు మూడే ఇవ్వండి. పిన్నికి ఇలాంటి విశేషణం లేదా అని అడిగేవాళ్లుంటారు: ‘మెటర్టరల్’ అని పెద్ద నిఘంటువుల్లో ఉంది. దాన్ని వ్యాసంలో వాడితే దిద్దేవారే నిఘంటువు తీయాల్సి వస్తుంది, వదిలేయడం మేలు.

— ఒక ఆంగ్ల అధ్యాపకుడు, గుంటూరు