టికెట్ మూసేశారు, పోర్టు మాత్రం అలాగే ఉంది

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌లో ఐదో పోర్టు లోపం, ఏమీ చేయకుండానే మూసేసిన ఫిర్యాదు.

అయ్యా,

"మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పరిష్కారమైందల్లా మీ టికెట్టే. ఐదో పోర్టు దగ్గర లైటు ఇంకా కాషాయంగానే వెలుగుతోంది. ఆకుపచ్చ అయితే వేగం సెకనుకు 1000 మెగాబిట్లు, కాషాయం అయితే 100 అని మీరిచ్చిన పుస్తకంలోనే ఉంది. మీ వాళ్లలో ఎవరైనా ఆ పేజీ తిప్పారో లేదో మరి.

మొదటి మెయిల్ నుంచీ నేను రాస్తున్నది ఒకటే ముక్క. ఐదో పోర్టులో ఏది పెట్టినా లింకు 100 మెగాబిట్లకు పడిపోతోంది. అదే కేబులు, అదే కంప్యూటర్ పక్కనున్న ఆరో పోర్టుకు మారిస్తే 1000 వస్తోంది. కేబులు మార్చినా, కంప్యూటర్ మార్చినా ఐదో పోర్టు తీరు మారలేదు. అంటే లోపం కేబుల్‌తో పాటు కదలడం లేదు, పోర్టులోనే కూర్చుంది. ఇంతకంటే విడమరిచి ఎలా చెప్పాలో నాకు తెలియదు. అయినా గోడకు చెప్పుకున్నట్టే అయింది.

మొదట ఫోన్ ఎత్తినాయన "సార్, వైఫై ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. వైఫై కాదండీ, కేబులు అన్నాను. "అలాగే సార్, రౌటర్‌కి ఎంత దూరంలో కూర్చున్నారు?" అని తర్వాతి ప్రశ్న. సరిగ్గా వేసిన కేబులు వంద మీటర్ల దాకా నిక్షేపంగా పనిచేస్తుంది. నేను ఏ గదిలో కూర్చుంటే దానికేం?

రెండో ఆయన స్విచ్ వెనక రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కమన్నారు. ఆ మోడల్‌కు రీసెట్ రంధ్రమే లేదు. లేదంటే, బ్రౌజర్‌లో స్విచ్ అడ్రస్ కొట్టి లాగిన్ అవమన్నారు. అది సెట్టింగులు మార్చే వీలులేని అన్‌మేనేజ్డ్ స్విచ్, దానికి ఐపీ అడ్రసూ ఉండదు, పాస్‌వర్డూ ఉండదు. మీరు అమ్మిన వస్తువు గురించి మీకు నేను పాఠం చెప్పాల్సి వచ్చింది.

తర్వాత మాట్లాడినావిడ కేబుల్‌ని అనుమానించారు. అందులో తప్పులేదు, ఇళ్లలో ఇలాంటి తంటాలు ఎక్కువగా కేబుల్ చివర్లలోనే ఉంటాయి. ప్లగ్ వేసేటప్పుడు లోపలి తీగల జతల మెలిక 13 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ విప్పడం, రాగి పూత వేసిన అల్యూమినియం తీగ వాడడం, రంగుల వరుస ఒక చివర ఒకలా, ఇంకో చివర ఇంకోలా వేయడం. వీటిలో ఏదో ఒకటి అడుగుతారనుకున్నాను. ఆవిడ అడిగింది "కేబుల్ నీలం రంగా సార్, పసుపా?" అని! పై తొడుగు రంగు చూసి లోపలి తీగల జాతకం చెప్పే విద్య నాకు రాదు.

ఇక సీనియర్ టెక్నికల్ టీమ్. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపమంటే పంపాను, 94 వచ్చింది. "బాగానే ఉంది కదా, ఇంకా కావాలంటే ఇంటర్నెట్ కంపెనీని అడగండి" అని జవాబు. సరిగ్గా 94 దగ్గర ఆగిపోవడమే 100 లింకు ఆనవాలు అని సీనియర్ టీమ్‌కు తెలియదా? దాని కిందే రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలిచే ఐపెర్ఫ్ పరీక్ష కూడా జతచేశాను. ఐదో పోర్టులో 94, ఆరో పోర్టులో 940. ఆ పరీక్షలో ఇంటర్నెట్ ప్రమేయమే లేదు, రౌటర్‌ని తీసి పక్కన పెట్టినా జరుగుతుంది.

చివరికి టార్చి వేసి పోర్టు లోపల ఫొటో తీసి పంపాను. ఎనిమిది బంగారు రంగు పిన్నుల్లో ఐదోది మిగతావాటికన్నా కిందికి అణిగిపోయి స్పష్టంగా కనిపిస్తోంది. 100 నడవడానికి 1, 2, 3, 6 పిన్నులు చాలు, 1000కి ఎనిమిది పిన్నులూ, అంటే నాలుగు జతలూ కావాలి. అణిగిన ఐదో పిన్ను వల్ల 4-5 జత తెగితే నెట్ పూర్తిగా ఆగదు, స్విచ్ 1000కి ప్రయత్నించి కుదరక 100కి దిగుతుంది. అంతదాకా "పరికరంలో లోపం లేదు" అన్నవాళ్లు ఫొటో చూడగానే మాట మార్చారు. నేను టెలిఫోన్ ప్లగ్ దూర్చి విరగ్గొట్టానట, కాబట్టి వారంటీ వర్తించదట. టెలిఫోన్ ప్లగ్ సన్నగా ఉంటుంది, దూరిస్తే నొక్కుకుపోయేవి అంచుల్లోని 1, 8 పిన్నులు. అవి రెండూ నిటారుగా ఉన్నాయి. 1 పోతే అసలు 100 కూడా వచ్చేది కాదు. ఈ మాట రాశాక మీ వైపు నుంచి మౌనం. 48 గంటల్లో ఫోన్ చేస్తామన్నవారు రెండు రింగులిచ్చి కట్ చేసి, "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసుకుని టికెట్ మూసేశారు.

ఇంట్లో రౌటర్ మీదే, దీనికి ముందు వాడిన స్విచ్ మీదే. చుట్టాలెవరైనా ఏది కొనాలని అడిగితే మీ పేరే చెప్పాను. ఆ పాత స్విచ్ దుమ్ము దులపడం తప్ప ఏ సేవా అడగలేదు. దానికి దక్కిన మర్యాద ఇదా?

స్విచ్ మారుస్తారా, బాగుచేస్తారా అన్నది తర్వాతి మాట. మిగతా ఏడు పోర్టులతో పని నడుస్తూనే ఉంది. నా మెయిల్ మొదటి పేరా నుంచి ఆఖరి ఫొటో దాకా చదివిన మనిషి ఒక్కరు, పేరు చెప్పి, రాతపూర్వకంగా జవాబివ్వాలి. వారంటీ వర్తించదన్నది ఎవరు, ఏ పరీక్ష చేసి తేల్చారో అందులో ఉండాలి. లేకపోతే టికెట్ నంబర్లు, ఫొటో, పరీక్షల ఫలితాలు అన్నీ కట్టగట్టి వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. మీ పరికరాలన్నీ పీకి అట్టపెట్టెలో పెట్టేస్తాను. పేరు సిఫారసు చేసిన చుట్టాలందరికీ ఈ ఉత్తరం నకలు పంపుతాను.

ఈసారి ఫోన్ చేసేవారు ముందు ఆ ఫొటో తెరిచి పెట్టుకుని చేయండి. వైఫై మాట వినిపిస్తే పెట్టేస్తాను.

ఇట్లు,
ఇప్పటిదాకా మీ కస్టమర్

జత: పోర్టు ఫొటో, రెండు పోర్టుల ఐపెర్ఫ్ ఫలితాలు, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్, కొనుగోలు రసీదు. ఇవన్నీ ఇదివరకే పంపినవే.