ఐదో మెట్టు ఎక్కనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేస్తూ నేర్చుకునేందుకు బడుల్లో కేంద్రం పెట్టించిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచే. అంతకంటే చిన్న పిల్లలకు మన గజపతి, రాయగడ జిల్లాల్లో చాలాచోట్ల దక్కేది, విజ్ఞాన ప్రదర్శన రోజున అమ్మానాన్నలు చేసిచ్చే థర్మాకోల్ నమూనాయే. అడగడం, ఊహించడం, గీయడం, చెయ్యడం, సరిదిద్దడం: ఇంజినీర్లు పనిచేసే ఈ పద్ధతి ఒకటి, రెండు తరగతుల పిల్లలకూ పట్టుబడుతుంది. దానికి ల్యాబు అక్కర్లేదు.

వంశధార, మహేంద్రతనయ నదుల దగ్గర పెరిగే పిల్లలకు వంతెన కొత్తేం కాదు. అయితే "వంతెన కట్టండి" అని వదిలేస్తే పని సాగదు, హద్దులు చెప్పాలి. రెండు పుస్తకాల దొంతర్లు, మధ్య 20 సెంటీమీటర్ల ఎడం, ఒకే ఒక్క ఏ4 కాగితం. నడిమధ్యన పెట్టిన కప్పులో 100 చింతపిక్కలు నిలవాలి. పదేసి చొప్పున వేయిస్తే లెక్కలూ కలిసొస్తాయి. జట్టుకు ముగ్గురు చాలు, నలుగురైతే ఒకరు ఖాళీగా కూర్చుంటారు.

టీచరు ముందే నమూనా చూపించకూడదు. చూపిస్తే అందరూ అదే చేస్తారు. చదునుగా పరిచిన కాగితం కుంగిపోతుంది, పోనివ్వండి. విసనకర్రలా మడతలు పెట్టాలని ఎవరో ఒకరికి తడుతుంది. మడతలు అడ్డంగా పడితే వంతెన మళ్లీ కూలుతుంది. ఈ దొంతరనుంచి ఆ దొంతరకు పొడవునా ఉండాలి. అప్పుడూ బరువు పెరిగేకొద్దీ మడతలు పక్కలకు విచ్చుకుంటాయి. రెండు చివర్లా దారం కడితే ఆగుతాయి. మైదా జిగురు వాడొద్దు, ఆరేసరికి పీరియడ్ అయిపోతుంది.

చాలా బడుల్లో ఎగరగొట్టేది ఐదోదైన సరిదిద్దే మెట్టునే. ఒకసారి కూలగానే మార్కులేసి ముగిస్తారు. అసలు చదువు అక్కడే మొదలవుతుంది. రెండోసారి ఒక్క మార్పే చెయ్యమనాలి. మడతల వెడల్పూ, దారమూ ఒకేసారి మారిస్తే, ఏది పనిచేసిందో పిల్లలకు తెలియదు. "ఎక్కడ ముందు వంగింది?" అని అడిగి, పాత బొమ్మ చెరపకుండా పక్కనే కొత్త బొమ్మ గీయించాలి. ఒడియా బడిలో చదివే తెలుగింటి పిల్లలు ఈ ప్రశ్నకు మూగబోతారు. వాళ్లను ఇంటి భాషలోనే జవాబు చెప్పనివ్వాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా కనీసం ఐదో తరగతి దాకా, వీలైనచోటల్లా, ఇంటి భాషలో బోధించాలనే అంటోంది.

40 నిమిషాల ఒక్క పీరియడ్‌లో రెండో ప్రయత్నానికి వ్యవధి ఉండదు. వారానికోసారి రెండు పీరియడ్లు వరసగా ఇవ్వాలని ప్రధానోపాధ్యాయులకు మనవి. అవి మధ్యాహ్న భోజనానికి ముందైతే మేలు.

ఇట్లు,
ప్రాథమికోపాధ్యాయులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా