గుండె లయ తప్పినవారి నిద్రనూ పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారికి గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందని తేలాక, రక్తం గడ్డకట్టకుండా మందులిచ్చి, ఒకసారి షాక్‌తో లయను సరిచేశారు. కొన్ని నెలలకే అది మళ్లీ తప్పింది. నిద్రలో ఆయనకు ఊపిరి ఆగుతోందా అని మాత్రం రెండేళ్లపాటు ఏ డాక్టరూ అడగలేదు. పక్కన పడుకునే మా అమ్మకు ఆ సంగతి ఏనాడో తెలుసు.

గొంతు దారి మూసుకుని 10 సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, గాలి కోసం ఛాతీ పడే పెనుగులాటకు పల్చటి గోడలున్న ఆ పై గదులు సాగుతాయి, ఉలిక్కిపడి మెలకువ వచ్చినప్పుడు రక్తపోటు ఎగబాకుతుంది. గంటకు 15 సార్లకు పైగా, రాత్రుల తరబడి ఇలా జరిగితే లయ కుదుటపడటం కష్టం. ఈ రోగుల్లో చాలామందికి పగటి మగత ఉండదు కనుక అనుమానమే రాదు.

గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీప్యాప్ చికిత్సను ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ 1981లోనే వివరించారు. గుండె విభాగం ఓపీల్లో ఈసీజీ తీసేటప్పుడే నిద్ర గురించి రోగితోపాటు ఇంట్లోవారినీ అడగాలని, అవసరమైతే ఇంటివద్దే చేసే నిద్ర పరీక్ష రాయాలని వైద్యులకు నా మనవి.

– ఒక పాఠకురాలు, గుంటూరు