బొంతలు, గుడ్డ బొమ్మలు, ఒక గుడ్డ పుస్తకం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, దసరా, సంక్రాంతి బొమ్మల కొలువు ఎప్పటిలాగే జరిగాయి. మీరంతా వచ్చారు, చూశారు. కాబట్టి వాటి గురించి మళ్ళీ రాయడం లేదు. ఈ ఏడాది మన పర్లాకిమిడి తెలుగువాళ్ళ సంఘం అసలు పనంతా మధ్యాహ్నం పనులు తెమిలాక, సంఘం గది ముందు అరుగు మీద, చాప పరుచుకుని జరిగింది. చంటిపిల్లలకూ బడికి వెళ్ళని పిల్లలకూ చేత్తో కుట్టి ఇవ్వడమే ఆ పని. ఈ నివేదిక ఎక్కువగా దాని గురించే.

ఈ పని ఎందుకు మొదలుపెట్టామో కొత్త సభ్యుల కోసం చెప్పాలి. మన పర్లాకిమిడి ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఒడిశాలో చేరింది. 1992లో గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లా చేశారు. పాతపట్నం ఇక్కడికి కూతవేటు దూరం, కానీ అది వేరే రాష్ట్రం. మన పిల్లలు మూడేళ్ళకు అంగన్‌వాడీకి వెళ్ళగానే ఒడియా వింటారు, నేర్చుకుంటారు. నేర్చుకోవాల్సిందే, వాళ్ళు బతికేది ఇక్కడే కదా. తెలుగు మాట మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని చెబితేనే వస్తుంది. మనం కుడుతుంటే పిల్లలు వచ్చి ఒళ్ళో దూరతారు. "ఇదేటి? అదేటి?" అని అడుగుతారు. దారం, సూది, పేలిక, అంచు, కొంగు, కాజా, ముడి అని చెబుతాం. ఒక మధ్యాహ్నంలో పది మాటలు వాళ్ళ నోట పడతాయి. ఏ క్లాసు పెట్టినా ఇంత తేలిగ్గా రావని నా నమ్మకం.

పొత్తిగుడ్డలు, బొంతలు

ముందుగా పురిటి పిల్లల పొత్తిగుడ్డలు. మన సభ్యుల్లో ఒక పెద్దాయన తన తండ్రిగారి పొందూరు ఖద్దరు పంచెలు రెండు తెచ్చి ఇచ్చారు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్న నూలు వడుకుతారని మీకు తెలిసిందే. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి ఆ గుడ్డ ఎంత మెత్తబడిందంటే, చెంపకు ఆనిస్తే తగిలినట్టే లేదు. ఆయన వాటిని మడతపెట్టి ఇస్తూ, "పెట్టెలో ఉంటే చిమ్మటలు తింటాయి, పిల్లలకైతే పనికొస్తాయి" అన్నారు. అంచు కోసి, నాలుగు పక్కలా సన్నగా మడిచి చేత్తో హెమ్మింగ్ చేశాం. మిషన్ కుట్టు వేస్తే అంచు బిరుసెక్కి పసిపిల్లల మెడ దగ్గర ఒరుసుకుంటుంది. అందుకే చేతికుట్టే పెట్టుకున్నాం.

బొంతలకు పాత నూలు చీరలు వాడాం. మూడు పొరలు, మూడడుగుల చదరం. మొదట్లో మనవాళ్ళు అంచుల నుంచి కుడుతూ మధ్యకు వచ్చేవారు. మధ్యలో గుడ్డ పోగుపడి ఉబ్బెత్తుగా తేలేది, పిల్లను పడుకోబెడితే వీపు కింద గట్టిగా తగిలేది. ఒక మామ్మగారు చూసి, అన్నీ విప్పించి, పొరలు కదలకుండా ముందుగా వేసే కచ్చా కుట్టు మధ్యలో మొదలుపెట్టి నాలుగు మూలలకూ వేయించారు. అప్పటి నుంచి ఒక్క బొంతా ముడత పడలేదు. ఆ పైన వరసలు బొటనవేలి వెడల్పు దూరంలో, చిన్న చిన్న పోట్లతో. అరుగు మీద మనతో కూర్చునే ఒడియా అమ్మ దీన్ని కంథా అంటారు. కుట్టు ఒకటే, పేరే వేరు.

ఈ బొంతలు నేల మీద పరిచి పిల్లల్ని ఆడించడానికి, బోర్లా పడే వయసులో కింద వేయడానికి. నిద్రపోయేటప్పుడు పసిపిల్లల మీద కప్పడానికి కాదు. ఏడాదిలోపు పిల్లలు పడుకునే చోట దిండ్లు, వదులుగా ఉండే దుప్పట్లు, మెత్తని బొమ్మలు ఉంటే ముక్కుకు, నోటికి అడ్డం పడి ఊపిరాడకపోవచ్చని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఈ మాట ప్రతి బొంతతో పాటు నోటితో చెప్పే ఇస్తున్నాం.

ఇక్కడే ఆవాల దిండు గొడవ వచ్చింది. తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి కుట్టే చిన్న దిండ్లు మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే. అవి కుట్టబోమని నేను చెప్పినప్పుడు ఒక పెద్దమ్మకు చాలా బాధ కలిగింది. "ఏటమ్మా, మా పిల్లలందరికీ ఆవాల దిండే పెట్టినాం, ఎవులికేటైంది?" అని అడిగారు. ఆవిడ పెంచిన పిల్లలు నిక్షేపంగా ఉన్నారు, అందులో అబద్ధం లేదు. కానీ కుట్టు ఊడి ఆవగింజ ఒకటి ముక్కులోకి పోతే బాధ్యత మనది. అందుకే సంఘం తరఫున కుట్టడం మానేశాం. ఆవిడ నాలుగు రోజులు అరుగు మీదికి రాలేదు. తర్వాత వచ్చి, ఆ దిండు కోసం దాచిన పువ్వుల గుడ్డతోనే ఒక చేప బొమ్మ కుట్టారు. ఈ ఏడాది పిల్లలకు ఎక్కువగా నచ్చింది ఆ చేపే.

బొత్తం కళ్ళ సంగతి

ఇది మనం చేసిన తప్పు. సభ్యులందరికీ వివరంగా తెలియాలి.

వేసవిలో ఏనుగు బొమ్మలు కుట్టాం. బూడిదరంగు గుడ్డ, ఎర్ర చెవులు, కళ్ళకు నల్ల చొక్కా బొత్తాలు. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. అందులో ఒకటి పది నెలల పాప ఉన్న ఇంటికి వెళ్ళింది. పళ్ళొచ్చే వయసు కదా, దొరికింది దొరికినట్టు నమలడమే. రెండు వారాల్లో బొత్తం దారం తెగి, బొత్తం పాప నోట్లోకి వెళ్ళింది. తల్లి పక్కనే ఉంది. నాలుక మీద నల్లగా కనబడితే వెంటనే తీసేసింది. పాపకు ఏమీ కాలేదు. ఆ తల్లి బొమ్మను, బొత్తాన్ని కొంగున కట్టుకుని నేరుగా మన దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. బొత్తం నా అరచేతిలో పెట్టింది, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే మేం నలుగురం ఇల్లిల్లూ తిరిగి, ఇచ్చిన ఏనుగులన్నీ వెనక్కి తెచ్చాం. ఒక ఇంట్లో పిల్లాడు ఇవ్వనని ఏడిస్తే, అక్కడే గుమ్మంలో కూర్చుని బొత్తాలు కోసేసి, నల్లదారంతో కళ్ళు కుట్టి ఇచ్చి వచ్చాం.

అప్పటి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకు బొత్తాలు, పూసలు, చమ్కీలు, మువ్వలు, గవ్వలు ఏవీ ఉండవు. కళ్ళూ ముక్కూ దారంతోనే. తాడు పెట్టాల్సి వస్తే జానెడు కంటే తక్కువే. బొమ్మల భద్రత పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేసే వస్తువు ఏదైనా ఆ వయసు పిల్లల గొంతుకు అడ్డం పడొచ్చు. మనం స్కేలుతో కొలిచి, ఇంచుమించు అంతే లోపలి వెడల్పున్న వెదురు బొంగు ముక్క ఒకటి ఏరి పెట్టుకున్నాం. అది అరుగు మీద మేకుకు వేలాడుతూ ఉంటుంది. అనుమానం వచ్చిన ప్రతి ముక్కనూ అందులో వేసి చూస్తాం. బొమ్మ పూర్తయ్యాక కుట్టినావిడ కాకుండా వేరొకరు చెవులు, తోక, కాళ్ళు పట్టి గట్టిగా లాగాలి. కుట్టినావిడ చెయ్యి తన బొమ్మను గట్టిగా లాగదు. ఇది చూసి చెబుతున్న మాట.

సూదుల లెక్క కూడా అప్పుడే మొదలైంది. ఎన్ని సూదులు, గుండుసూదులు తీశామో పలక మీద రాసి, సాయంత్రం లెక్క సరిపోయాకే లేస్తాం. పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి ఉంది. ప్రతి బొమ్మ మీదా, బొంత మీదా దాన్ని ఒకసారి తిప్పుతాం.

గుడ్డ పుస్తకం

ఈ ఏడాది నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని ఇదే. ఎనిమిది పేజీలు, ప్రతి పేజీకి ఒక బొమ్మ, బొమ్మ పైన తెలుగు మాట, కింద ఒడియా మాట. ఏనుగు, చేప, మామిడి, ఆవు, పిచ్చిక, ఇలా. కింద ఒడియాలో హాతీ, మాఛ, ఆంబ, గాయి. ఒడియా అక్షరాలన్నీ మన పక్కింటి ఒడియా అమ్మే కుట్టారు. అది మన పుస్తకం మాత్రమే కాదు, ఆవిడది కూడా.

గుడ్డ మీద తెలుగు అక్షరం కుట్టడం అనుకున్నంత తేలిక కాదు. గొలుసు కుట్టుతో మొదలుపెడితే అక్షరం లావెక్కి, 'ఏ'కీ 'ప'కీ వంపులు పూడుకుపోయాయి. కాడ కుట్టుకు మారాక కుదిరింది. తిన్నగా వెళ్ళే చోట పోటు కొంచెం పొడుగ్గా, వంపు తిరిగే చోట బియ్యపు గింజలో సగం అంత. 'పిచ్చిక'లో చకారం కింద ఒత్తు ముద్దగా వచ్చేది. ఆరు పోగుల దారంలో అక్షరానికి మూడు పోగులు, ఒత్తుకు ఒక్క పోగు తీసుకున్నాక విడివిడిగా కనిపించింది. తెలుగూ ఒడియా రెండూ తాటాకు మీద గంటంతో రాసిన లిపులు కాబట్టే రెండూ గుండ్రంగా ఉంటాయంటారు. ఒకే గుడ్డ మీద కుట్టి చూస్తే ఆ చుట్టరికం చేతికి తెలుస్తుంది.

పిచ్చిక దగ్గర పెద్ద చర్చే జరిగింది. పుస్తకాల్లో 'పిచ్చుక' అని ఉంటుంది, అలాగే కుట్టాలని కొందరన్నారు. మన పిల్లలు అనేది పిచ్చిక అనే కదా అని మిగతావాళ్ళు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మనది. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటూ, ఆ రోజు విడుదల చేసే పుస్తకంలోంచి పిల్లల మాట తీసేయడం న్యాయం కాదనిపించింది. పిచ్చిక అనే కుట్టాం. కింద ఘరచటియా అని ఒడియా పేరు.

మొదటి పుస్తకం ఉతికితే పాడైంది. బజారులో రంగు పోదని చెప్పి అమ్మిన ఎర్ర గుడ్డ మామిడిపండు పేజీలోంచి కారి, పక్క పేజీలో ఆవును గులాబిరంగు చేసేసింది. ఇప్పుడు ప్రతి కొత్త గుడ్డనూ ముందు నానబెట్టి, తెల్ల గుడ్డతో రుద్ది చూశాకే కోస్తున్నాం. పేజీలను రిబ్బనుతో కట్టకుండా మధ్యలో రెండు వరసల మిషన్ కుట్టు వేశాం. పిల్లలు పుస్తకాన్ని ఒక చెవి పట్టుకుని ఈడ్చుకెళ్తారు, దాన్ని తట్టుకోవాలి.

వానాకాలంలో ఇంకొకటి తెలిసింది. దూది కూరిన బొమ్మలు ఉతికితే లోపల ఆరవు. శ్రావణంలో మూడు బొమ్మలు ముక్కవాసన వచ్చి పారేయాల్సి వచ్చింది. పసిపిల్లల బొమ్మలు ఇప్పుడు పల్చగా, లోపల రెండు పొరల పాత చీర గుడ్డ పెట్టి కుడుతున్నాం. ఒక పూట ఎండ చాలు.

పిల్లలు చేసినవి

నాలుగేళ్ళు దాటిన పిల్లలతో శనివారాలు కూర్చున్నాం. అట్టముక్కకు కన్నాలు పొడిచి, బూటు లేసు దూర్చడం మొదటి పాఠం. తర్వాత గోనె ముక్క, మొద్దు సూది, ఊలు దారం. లేత తాటాకుతో గాలికి తిరిగే చక్రాలు కూడా చేశారు. మట్ట అంచు రంపంలా కోస్తుంది కాబట్టి ఆకు చీల్చే పని పెద్దవాళ్ళదే. ఒక పిల్ల గోనె మీద వంకరటింకరగా నాలుగు పోట్లు వేసి, "ఇది మా ఇల్లు" అని చూపించింది. దాన్ని గది గోడకు తగిలించాం. వచ్చినప్పుడు చూడండి.

ఒడియా లెక్కలో మార్గశిరంలో వచ్చే ప్రథమాష్టమికి ఇక్కడ ఇంటి పెద్ద బిడ్డకు మేనమామ ఇంటి నుంచి కొత్త బట్టలు వస్తాయి. మన ఇళ్ళలోనూ చాలామంది పాటిస్తున్నారు. మేనమామలు లేని పిల్లలకు సంఘం తరఫున గౌన్లు, జుబ్బాలు కుట్టి ఇచ్చాం. ఎవరెవరికి ఇచ్చామో పేర్లు చదవడం లేదు.

లెక్కలు, రాబోయే ఏడాది

జమాఖర్చుల పుస్తకం, రసీదుల ఫైలు సర్వసభ్య సమావేశంలో బల్ల మీద ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు. ఖర్చు ముఖ్యంగా దారాలకు, సూదులకు, మిషన్ రిపేరుకు అయింది. గుడ్డ దాదాపు అంతా మీరిచ్చిందే. బొమ్మలు, బొంతలు, పుస్తకాలు అన్నీ ఊరికే ఇచ్చాం. అమ్మకానికి పెట్టమని కొందరు అడిగారు. బొమ్మలు అమ్మాలంటే ప్రభుత్వ నాణ్యతా నిబంధనలు 2021 నుంచి అమల్లో ఉన్నాయి. అవి పూర్తిగా తెలుసుకోకుండా అందులో దిగడం నాకిష్టం లేదు.

వచ్చే ఏడాది గుడ్డ పుస్తకంలో మూడో వరసగా ఇక్కడి సవర గిరిజనుల మాటలు చేర్చాలని ఉంది. మన జిల్లాలో కుట్టే పుస్తకంలో సవర మాట లేకపోవడం వెలితి. అరుగు మీదికి వచ్చే సవర అమ్మలు ఇద్దరితో మాట్లాడాం. ఏ మాటలు, ఏ లిపిలో అనేది వాళ్ళే తేల్చాలి. తొందరపెట్టడం లేదు.

ఇంట్లో పాత నూలు చీరలు, పంచెలు, లుంగీలు ఉన్నవాళ్ళు ఉతికి, ఎండబెట్టి పంపండి. జరీ అంచు వద్దు, అది పిల్లల ఒంటికి గీసుకుంటుంది. హుక్కులు, పిన్నీసులు ఉంటే మీరే తీసేసి ఇవ్వండి. పొడుగు దారం ఎక్కించే కళ్ళు మాలో కొందరికి ఇప్పుడు సరిపోవడం లేదు కాబట్టి, మధ్యాహ్నం ఒక అరగంట వచ్చి సూదుల్లో దారం ఎక్కించి వెళ్ళినా చాలా సాయం చేసినట్టే.

— కార్యదర్శి