లైమ్ చికిత్సకు బీమా కాదంటే కాగితంతోనే కొట్లాడాలి

సంపాదకులకు,

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి మన పెద్దవాళ్లు వెళ్లేది ఎక్కువగా మే, జూన్, జూలై నెలల్లో. గసగసం గింజంత ఉండే లేత పిడుదులు మనుషులను పట్టేదీ ఆ నెలల్లోనే. ఆ పిడుదు కాటుతో సోకే, కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి పేరు మీదుగా పిలిచే ఈ బ్యాక్టీరియా వ్యాధి న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, మసాచుసెట్స్ మొదలుకొని విస్కాన్సిన్, మిన్నెసోటా దాకా ఉంది. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న రాష్ట్రాలు వీటిలో కొన్ని. రోగం గురించి అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. బీమా కంపెనీ ఎంతవరకు డబ్బు కడుతుంది, ఎక్కడ ఆపుతుంది, ఆపితే ఏం చేయాలి అన్నది మాత్రం ఎవరూ విడమరచి చెప్పరు. అందుకే ఈ లేఖ.

అమెరికాలో ఏటా దాదాపు 4,76,000 మందికి లైమ్ అని తేల్చి మందులు ఇస్తున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. ఆ అంచనా కట్టింది కూడా బీమా క్లెయిముల లెక్కల నుంచే. అంటే బీమా కంపెనీలకు ఇది కొత్త జబ్బేమీ కాదు. తొలి దశలో వాటితో పేచీ కూడా దాదాపు ఉండదు. యాంటీబయాటిక్ మాత్రలతో సరిపోతుంది: డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు 10 రోజులు, లేదా అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు 14 రోజులు. రెండూ జనరిక్ మందులే, మామూలు కోపేతో, అంటే మన వాటాగా కట్టే చిన్న మొత్తంతో దొరుకుతాయి. నల్లకాళ్ల పిడుదు 36 గంటలో అంతకన్నా ఎక్కువో పట్టుకుని ఉందని తెలిస్తే, దాన్ని తీసేసిన 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు వేసుకోమని డాక్టర్లు చెప్పవచ్చు. వ్యవహారం అక్కడితో ముగిసిపోతే బీమాతో తగువే రాదు.

తగువుకు విత్తనం పడేది ఈ తొలి రోజుల్లోనే, అదీ తెలియకుండా. నూటికి 70, 80 మందికి కాటు తర్వాత 3 నుంచి 30 రోజుల లోపు చర్మంపై పెద్ద మచ్చ వస్తుంది. పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్లతోలు మీదివి. మన చామనఛాయ మీద అది ఎర్రగా కనబడకపోవచ్చు, కమిలిన గాయంలానో నల్లటి మరకలానో ఉండవచ్చు. డాక్టరు దాన్ని గుర్తుపట్టక రక్తపరీక్షకు రాస్తారు. మొదటి వారాల్లో శరీరంలో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు గనుక పరీక్ష నెగెటివ్ వస్తుంది. అప్పటికి ఊరట. కానీ ఆ నెగెటివ్ కాగితం ఫైల్లో ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత మోకాలు వాచి వెళ్తే బీమా కంపెనీ చూపించేది ఆ కాగితమే. పిడుదులున్న ప్రాంతంలో తిరిగిన మనిషికి ఆ మచ్చ స్పష్టంగా కనబడితే పరీక్ష లేకుండానే మందు మొదలుపెట్టాలని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి మచ్చ పక్కన ఒక నాణెం పెట్టి, తేదీ పడేలా ఫొటో తీయండి. మచ్చ ఎన్ని సెంటీమీటర్లు ఉందో, మీరు ఏ ప్రాంతంలో, ఏ రోజుల్లో తిరిగారో చార్టులో రాయమని డాక్టరును అడగండి. అడగకపోతే చాలామంది రాయరు.

ఇక తిరస్కరణల సంగతి. వీటిని ఒకే గాటన కట్టకూడదు. నెలల తరబడి నరానికి యాంటీబయాటిక్ ఎక్కించమని అడిగితే కంపెనీలు కాదంటాయి. ఈ ఒక్క విషయంలో వాటి చేతిలో ఆధారం ఉంది. అంటువ్యాధులు, నాడీ, కీళ్ల వైద్యుల సంఘాలు కలిసి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు, సరిపడా చికిత్స అయ్యాక నీరసం, నొప్పులు మిగిలినంత మాత్రాన, రోగం ఇంకా ఉందనడానికి పరీక్షలో తేలే ఆధారం లేకుండా మళ్లీ యాంటీబయాటిక్ వద్దన్నాయి. 2001 నుంచి రోగుల మీద జరిగిన పరిశోధనల్లో ఆ దీర్ఘచికిత్సకు నిలిచే మేలు కనబడలేదు. నరంలో నెలలపాటు ఉంచే గొట్టంతో రక్తంలో ఇన్‌ఫెక్షన్, గడ్డలు, అలా ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌తో పిత్తాశయపు రాళ్లు వచ్చే ప్రమాదం మాత్రం నిజం. బాధపడుతున్న మనిషికి ఈ మాట కటువుగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పక తప్పదు.

కొట్లాడాల్సింది రెండో రకం తిరస్కరణల మీద. అవే మార్గదర్శకాలు ఒప్పుకున్న చికిత్సను కూడా కోడు తప్పనో కాగితం చాలదనో ఆపేసేవి ఇవి. లైమ్ కీళ్లవాపుకు 28 రోజుల మాత్రలు వాడాలి. అప్పటికీ కీలు బాగా వాచే ఉంటే 2 నుంచి 4 వారాలు సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాములు ఎక్కించడం ఒప్పుకున్న పద్ధతే. అయినా డాక్టరు ఆఫీసు బిల్లు మీద ఎ69.20 అని, అంటే ‘లైమ్, వివరం లేదు’ అని కోడు వేస్తే, వివరం లేని జబ్బుకు ఇంజెక్షను ఎందుకని ప్రశ్న వస్తుంది. కీళ్లవాపుకు ఎ69.23 ఉంది, మెదడు పొరల వాపు మెనింజైటిస్‌కు ఎ69.21, ముఖం వంకరపోవడం లాంటి ఇతర నాడీ సమస్యలకు ఎ69.22 ఉన్నాయి. మందు కోడు జె0696 దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. దానిలో ఒక యూనిట్ అంటే 250 మిల్లీగ్రాములు మాత్రమే. 2 గ్రాములకు 8 యూనిట్లు రాయాలి. ఒక మోతాదు కదా అని 1 యూనిట్ రాసేస్తే వచ్చేది ఎనిమిదో వంతు డబ్బు, మిగతాది మీ ఇంటికి బిల్లుగా రావచ్చు. ఇంటి దగ్గరే ఎక్కించుకుంటే ఆ మందు మెడికల్ పద్దులోకి వస్తుందా, ఫార్మసీ పద్దులోకి వస్తుందా అని ముందే అడిగి తెలుసుకోవాలి. తప్పు పద్దులో వేసిన క్లెయిము ఎంత న్యాయమైనదైనా వెనక్కే వస్తుంది.

రక్తపరీక్ష రిపోర్టును కూడా ఒకసారి మీరే చూడండి. పాత పద్ధతిలో మొదటి అంచె ఎలైజా అనే యాంటీబాడీ పరీక్ష, రెండో అంచె యాంటీబాడీలు గీతలుగా కనబడే వెస్ట్రన్ బ్లాట్. ఐజీజీ, ఐజీఎం అన్నవి రెండు రకాల యాంటీబాడీలు. ఐజీజీలో 10 గీతల్లో 5, ఐజీఎంలో 3 గీతల్లో 2 ఉంటేనే పాజిటివ్. అందులోనూ ఐజీఎం ఫలితాన్ని లక్షణాలు మొదలైన తొలి 30 రోజుల్లోనే లెక్కలోకి తీసుకుంటారు. ఆరో నెలలో ఐజీఎం ఒక్కటే పాజిటివ్ అని చూపిస్తే క్లెయిము నిలబడదు. కొన్ని ల్యాబులు వెస్ట్రన్ బ్లాట్ లేకుండా రెండు ఎలైజా పరీక్షలే చేస్తాయి. గీతలు ఏవని బీమా కంపెనీ అడిగితే, ఈ పద్ధతిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే అనుమతించిందని జవాబివ్వమని డాక్టరుకు చెప్పండి. ఆమోదం లేని మూత్రపరీక్షల డబ్బు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

రాష్ట్ర చట్టాల గురించి మనవాళ్లలో అపోహలు ఎక్కువ. కనెక్టికట్ చట్టం ప్రకారం బీమా కంపెనీ కనీసం 30 రోజుల ఇంజెక్షన్లు, 60 రోజుల మాత్రలు కట్టాలి. ఆపైన కావాలంటే బోర్డు సర్టిఫికెట్ ఉన్న కీళ్ల, అంటువ్యాధుల లేదా నాడీ వైద్యుడి సిఫారసు కావాలి. రోడ్ ఐలండ్, మిన్నెసోటా, ఇల్లినాయిల్లోనూ లైమ్‌కు చట్టాలున్నాయి. మసాచుసెట్స్‌లో 2016లో గవర్నరు వీటో చేసినా శాసనసభ దాన్ని తోసిరాజని చట్టం తెచ్చింది. కానీ ఉద్యోగి వైద్యఖర్చును యజమాని కంపెనీయే సొంత డబ్బుతో భరించే ‘సెల్ఫ్ ఫండెడ్’ ప్లాన్లకు ఈ చట్టాలేవీ వర్తించవు. 1974 నాటి ఎరిసా అనే కేంద్ర చట్టం వాటిని రాష్ట్రాల చేతికి అందకుండా ఉంచింది. పెద్ద కంపెనీల్లో పనిచేసే మన పిల్లల్లో ఎక్కువమంది ప్లాన్లు ఇలాంటివే. కార్డు మీద పేరున్న బీమా కంపెనీ పేరు చూసి మోసపోవద్దు. ఆ కంపెనీ అక్కడ గుమాస్తా పని మాత్రమే చేస్తుండవచ్చు.

తెలుసుకునే దారి ఒక్కటే. మా ప్లాన్ సెల్ఫ్ ఫండెడా, లేక ఖర్చు బీమా కంపెనీయే భరించే ఫుల్లీ ఇన్సూర్డా అని హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా రాయండి. ప్లాన్ నియమాలన్నీ ఉండే సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ కాపీ కూడా అడగండి. రాతలో అడిగిన 30 రోజుల్లో ఇవ్వకపోతే ప్లాన్ నిర్వాహకుడికి రోజుకు 110 డాలర్ల దాకా కోర్టు జరిమానా వేయగలదు. ఫుల్లీ ఇన్సూర్డ్ అయినా సాధారణంగా వర్తించేది పాలసీ జారీ అయిన రాష్ట్రపు చట్టమే. టెక్సాస్‌లో ఉన్న కన్సల్టెన్సీ కింద హెచ్-1బి మీద పనిచేస్తూ కనెక్టికట్‌లో కాపురం ఉంటే, కనెక్టికట్ చట్టం మీకు రాకపోవచ్చు.

తిరస్కరణ లేఖ వచ్చాక ఫోన్లో వాదించడం వల్ల ఏమీ ఒరగదు. ఆ ఫోన్లను అప్పీలు కింద లెక్కకట్టరు, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. లేఖ అందిన రోజు నుంచి 180 రోజుల్లో అంతర్గత అప్పీలు వేయాలి. ముందుగా క్లెయిము ఫైలూ, ఏ వైద్య ప్రమాణం ఆధారంగా కాదన్నారో ఆ కాగితమూ అడగండి. ఉచితంగా ఇవ్వాల్సిందే. మీ డాక్టరును బీమా కంపెనీ డాక్టరుతో నేరుగా మాట్లాడమనండి. వాళ్లు దీన్ని పీర్ టు పీర్ అంటారు. దానికి కొద్ది రోజులే గడువిస్తారు, కాబట్టి లేఖ వచ్చిన రోజే డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేయాలి. డాక్టరు లేఖలో కాటు లేదా మచ్చ తేదీ, పరీక్షల ఫలితాలు, వాడిన మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులు వాడారో, ఆ తర్వాత కూడా ఏ కీలు ఎంత వాచి ఉందో లేదా ఏ నాడి దెబ్బతిందో ఉండాలి. ‘రోగి చాలా బాధపడుతోంది’ అన్న వాక్యం చదివి ఏ రివ్యూయరూ మనసు మార్చుకోడు. వాళ్ల ప్రమాణంలోని షరతులు ఒక్కొక్కటీ తీసుకుని దేనికి ఏ రుజువు ఉందో చెబితే మారుస్తాడు. అప్పీలును ఫ్యాక్స్ చేస్తే రసీదు దాచుకోండి, పోస్టులో అయితే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి.

చికిత్స ఇంకా మొదలుకాకపోతే 30 రోజుల్లో, అయిపోయి ఉంటే 60 రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో జవాబు రావాలి. అప్పటికీ కాదంటే 4 నెలల్లోపు బయటి సమీక్షకు వెళ్లవచ్చు. 2010 నాటి ఆరోగ్య చట్టం పరిధిలోని ప్లాన్లలో ఇది సెల్ఫ్ ఫండెడ్ వాళ్లకూ ఉన్న హక్కు. బీమా కంపెనీకి సంబంధం లేని వైద్యుడు ఫైలు చూసి 45 రోజుల్లో తీర్పు చెబుతాడు. కంపెనీ దానికి కట్టుబడాలి. ఫీజు ఉన్నా 25 డాలర్లు దాటదు. ఇంత చవకైన హక్కును మనవాళ్లు వాడుకోకుండా క్రెడిట్ కార్డు మీద బిల్లు కట్టేస్తున్నారు. అప్పీలు నడుస్తోంది, ఖాతాను వసూలు ఏజెన్సీకి పంపవద్దని ఆసుపత్రికి రాతలో చెప్పడం కూడా మరవవద్దు.

లైమ్ నిపుణులమని చెప్పుకొనే కొందరు డాక్టర్లు ఏ బీమానూ తీసుకోరు, రొక్కమే. అనుకోని బిల్లుల నుంచి రోగిని కాపాడేందుకు 2022 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం అక్కడ ఆదుకోదు, ఎందుకంటే బీమా కంపెనీతో ఒప్పందం లేని, నెట్‌వర్క్ బయటి డాక్టరును మీరే ఎంచుకుని వెళ్లారు. దగ్గర్లో నెట్‌వర్క్ నిపుణుడు నిజంగానే లేకపోతే, వెళ్లకముందే బీమా కంపెనీని మినహాయింపు అడగాలి.

చివరగా తల్లిదండ్రులకు కొనే విజిటర్ ఇన్సూరెన్స్. పైన చెప్పిన హక్కుల్లో చాలావరకు దానికి వర్తించవు. సేవకు ఇంత అని నిర్ణీత మొత్తం మాత్రమే ఇచ్చే పాలసీలో ఇంజెక్షన్ల ఖర్చుకు అది ఏ మూలకూ రాదు. అసలు ఖర్చును బట్టి డబ్బు ఇచ్చే కాంప్రహెన్సివ్ రకమే తీసుకోండి. మధ్యలో గడువు ముగియనివ్వకండి. ముగిశాక కొత్తది కొంటే, అప్పటికే మొదలైన లైమ్ పాతజబ్బు కిందికి వెళ్లిపోతుంది. మచ్చ, జ్వరం కాటు పడ్డాక నెల రోజుల దాకా కూడా రావచ్చు గనుక, ఇంటికి తిరిగొచ్చాక అవి కనబడితే ఏ రాష్ట్రంలో, ఏ తేదీల్లో ఉన్నారో డాక్టరుకు మొదటే చెప్పండి. ఇక్కడి డాక్టరు మలేరియా, డెంగీ కోసం వెతుకుతారు. పిడుదు సంగతి మీరు చెప్తే తప్ప ఆయనకు తట్టదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు