వర్ధన్నపేట దగ్గర నన్ను కాపాడిన రైతులకు, కూలీలకు

నిన్న చేతి కుట్లు విప్పారు. పెన్ను పట్టగానే ముందు మీకే రాస్తున్నా.

పది రోజుల కింద మీ వరి మడిలో దిగిన చిన్న విమానం నాదే. నాలుగేళ్లు కూడబెట్టుకుంటూ స్వయంగా కట్టుకున్న రెండు సీట్లది. దాదాపు 800 అడుగుల ఎత్తులో ఇంజన్ రెండు జర్కులిచ్చి ఆగిపోయింది. ఇంజన్ ఆగితే వెనక్కి తిప్పొద్దు, ముక్కు దించి వేగం నిలుపుకో, ఎదురుగా దొరికిన జాగాలో దించు అని మా గురువుగారు వందసార్లు చెప్పి ఉంటారు. ఆయనకు పాదాభివందనం. 11 కేవీ తీగలు దాటాక మిషన్‌తో కోసిన మడి దొరికింది. కొయ్యకాళ్ల మీద బాగానే ఉరికింది గానీ, చివర్లో ముందు చక్రం గెట్టుకు తగిలి విరిగి, విమానం ముక్కు మీద కూలబడింది.

బెల్టు బిగుసుకుపోయింది. పెట్రోల్ కారుతోంది. మిషన్ అందని మూలల్లో వరి కోస్తున్న పెద్దమ్మ ఒకామె అందరికంటే ముందు ఉరికొచ్చింది. కొడవలి మొన నాకు తగలకుండా తన ఎడమ అరచేతిని నా ఛాతీకి ఆనించి, ఆ చేతి మీదుగా బెల్టు కోసింది. "కదలకు బిడ్డా, అయిపాయె" అంటూనే ఉంది. నా చేతికి తువ్వాల కట్టిందీ ఆమెనే. దూరం నుంచే "బీడీలు ఆర్పుండ్రి" అని కేకేసిన బాపు లేకుంటే ఏమయ్యేదో తలుచుకోవాలంటేనే భయమైతది.

108కు ఫోన్ చేసిన తమ్ముళ్లకు, ఎంజీఎం డాక్టర్లకు, నర్సమ్మలకు, రాత్రంతా చలిలో విమానానికి కాపలా పడుకున్న అన్నలకు దండాలు. ఒక్క నట్టు కూడా పోలేదు.

విప్పి చూస్తే తెలిసింది: ఫిల్టర్ తర్వాత ఉండే రబ్బరు పైపు లోపలి పొర ఊడి కార్బురేటర్‌లో చేరింది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రకం రబ్బరు దానికి నిలవదు. మార్చాల్సింది నేనే, మార్చలేదు. నాలాగా విమానాలు కట్టుకునేవాళ్లు దయచేసి ఈ వారమే పైపులు చూసుకోండి.

పొలం అన్నా, పైసలు ఇస్తే వద్దన్నావు. ఆదివారం మా ఇంటామెతో వస్తున్నా. ఆ గెట్టు నేనే వేయించి పోతా, కాదనకు. పెద్దమ్మా, తువ్వాల ఉతికి పెట్టిన, తెస్తున్నా.