వార్షిక నివేదిక 2025–26: యూనియన్ పెద్దలకు సన్మానం, సంఘం ఇతర పనులు

అధ్యక్షులవారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక సభ్యుల చేతికి అందాలని మన నిబంధనావళి చెబుతోంది. హైదరాబాద్‌లో స్థిరపడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్ పూర్వ విద్యార్థులం మనం ఎందుకు సంఘం పెట్టుకున్నామో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ ఏడాది ఏం చేశామో, ఎవరు చేశారో చెబితే చాలు. ఎవరు చేశారన్నది మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను.

ఉగాది కలయిక, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాలకు ముందుగా పేరు ఇచ్చినవాళ్ల కంటే వచ్చినవాళ్లు చాలా ఎక్కువ. వంటవాళ్లు రెండోసారి ఎసరు పెట్టాల్సి వచ్చింది. వచ్చినందుకు సంతోషమే. ఒక ఫోన్ కాల్ చేసి ఉంటే ఇంకా సంతోషం. పేద విద్యార్థులకు ఇచ్చే పుస్తకాల సాయం ఈసారి కూడా ఆగలేదు. ఆరోగ్య శిబిరం జరగలేదు. వస్తామన్న డాక్టర్లు ఒకే తేదీకి ఒప్పుకోలేదు, అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను.

మన బడికి నూరేళ్లు నిండాయి. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు కొండ మీదికి చేరి, యుద్ధకాలంలో గుంటూరుకు వెళ్లి, మళ్లీ సముద్రం ఒడ్డుకే తిరిగొచ్చిన విశ్వవిద్యాలయం మనది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్), ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఈ శతాబ్ది సందర్భంలో మన సంఘం తరఫున ఏదో ఒకటి ఘనంగా చేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. చేతులెత్తినవాళ్లు హాలు నిండా ఉన్నారు. ఆ చేతుల సంగతి తర్వాత చెబుతాను.

ఎవరిని సన్మానించాలి అన్న దగ్గర కమిటీలో పెద్ద చర్చే జరిగింది. మొదట తయారైన జాబితాలో అందరూ పారిశ్రామికవేత్తలు, ఐఏఎస్‌లు, అమెరికా డాక్టర్లు. తప్పేమీ లేదు, వాళ్లూ మనవాళ్లే. అయితే మన సీనియర్ సభ్యులు, జియాలజీ మాస్టారు ఒక మాట అన్నారు. వీళ్లందరి ఇళ్లలో బీరువా నిండా శాలువాలు ఉన్నాయి, మనకి మూడేళ్లు అన్నం పెట్టించిన మెస్ సెక్రటరీకి ఎవరైనా ఒక్క తువ్వాలైనా కప్పారా అని. అంతే, జాబితా మారిపోయింది. పాత యూనియన్ నాయకులు, హాస్టల్ సెక్రటరీలు, లేడీస్ రిప్రజెంటేటివ్‌లుగా పనిచేసినవాళ్లు, వీళ్లకే ఈసారి సన్మానం అని నిర్ణయించాం.

దీని మీద ఇప్పటికీ గొణుగుతున్నవాళ్లు ఉన్నారు. పెద్ద పేర్లు ఉంటే పేపర్లో పడేది, విరాళాలు వచ్చేవి అని. వాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. 2006లో సుప్రీంకోర్టు, ఈ ఎన్నికలు ఎలా జరగాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని, 75 శాతం హాజరు ఉండాలని, అచ్చువేసిన పోస్టర్లు వాడకూడదని నియమాలు కూడా వచ్చాయి. నియమాలు వచ్చాయి గానీ మన దగ్గర పాత రోజుల ఎన్నికలు తిరిగి రాలేదు. అంటే ఓట్లు వేయించుకుని గెలిచిన మన యూనియన్ నాయకుల్లో ఆఖరి బ్యాచ్‌కే ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది. మొదటివాళ్లు ఎనభై దాటారు. ఈ జాబితాలో కొత్త పేరు చేరేది లేదు, ఉన్న పేర్లు తగ్గడమే. పారిశ్రామికవేత్తలను వచ్చే ఏడాదైనా సన్మానించుకోవచ్చు.

ఇంకొక సంగతి. 1973–74లో మన యూనియన్ అధ్యక్షుడుగా ఉన్న ఎం. వెంకయ్య నాయుడుగారు 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. ఇది అందరికీ తెలుసు, ప్రతి సభలోనూ చెబుతాం. ఆయన పక్కన ప్యానెల్‌లో నిలబడ్డవాళ్లు, ఆయన మీద పోటీ చేసి ఓడినవాళ్లు ఎక్కడ ఉన్నారో మాత్రం మనకెవరికీ పట్టలేదు. వెతకాల్సింది వాళ్లను.

వెతకడం తేలిగ్గా జరగలేదు. పాత యూనియన్ కార్యవర్గాల జాబితాలు కావాలని ఒక కార్యాలయానికి ఉత్తరాలు రాశాం. మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోదానికి, మొదటి ఉత్తరం కాపీ జత చేయమని జవాబు వచ్చింది. జత చేశాం. ఆ తర్వాత మళ్లీ మౌనమే. చివరికి పని జరిగింది హాస్టల్ గ్రూప్ ఫొటోల వల్ల, పాత కాలేజీ మ్యాగజైన్ల వల్ల. సభ్యులు అటక మీద నుంచి దించి తెచ్చిన ఆ ఫొటోల కింద పేర్లు ఇనీషియల్స్‌తో సహా అచ్చయి ఉన్నాయి. ఒక్కొక్క ఇనీషియల్ పట్టుకుని శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఫోన్లు చేసింది మన ఉపాధ్యక్షురాలు అక్కగారు. కొన్ని ఇళ్లలో ఫోన్ ఎత్తింది పిల్లలు. నాన్నగారు పోయి చాలా ఏళ్లయిందండీ అన్నారు. ఆ పేర్లన్నీ సన్మాన సభలో మొదటే చదివాం.

అమెరికా నుంచి వచ్చిన మన సభ్యులొకరు కమిటీ సమావేశంలో అక్కడి కాలేజీ ఫ్రెటర్నిటీల గురించి చెప్పారు. 1776లో మొదలైన ఫై బీటా కప్పా నుంచి అక్కడ ఈ సోదర సంఘాల సంప్రదాయం ఉందట. 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు ఏడుగురు కలిసి పెట్టుకున్న ఆల్ఫా ఫై ఆల్ఫాలో తర్వాత అమెరికా సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్, మార్టిన్ లూథర్ కింగ్ సభ్యులయ్యారు. ఆ ఏడుగురి పేర్లూ ఇప్పటికీ సభ్యులు నోటికి చెబుతారు, ‘ఏడు రత్నాలు’ అని పిలుచుకుంటారు. ఇప్పుడు మన పిల్లలు కూడా అక్కడి దక్షిణాసియా ఫ్రెటర్నిటీల్లో చేరుతున్నారు. అక్కడ కొత్తగా చేరినవాళ్లను హింసించే జాడ్యం కూడా ఉంది, మన ర్యాగింగ్‌కు పెద్దన్న లాంటిది. అది మనకు అక్కర్లేదు. వాళ్లు జాబితా రాసి పెట్టుకునే అలవాటు మాత్రం నేర్చుకోవాల్సిందే. స్థాపకుల పేర్లు నూట ఇరవై ఏళ్లుగా వాళ్లు మర్చిపోలేదు. మనం నలభై ఏళ్ల కిందటి జనరల్ సెక్రటరీ పేరు కోసం అటకలు వెతికాం.

డిసెంబరులో ఒక ఆదివారం సభ పెట్టాం. ముందుగా గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి చిత్రపటానికి పూలమాల వేశాం. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు మన విశ్వవిద్యాలయంలోనే గణితంలో ఎం.ఏ. చదివారు. యుద్ధం రోజుల్లో మిలిటరీ సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అది రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి అందులో చేరిపోయారు. 1945లో ఇరవై అయిదేళ్లకే రాసిన ఒక్క పేపరు మీద క్రామెర్–రావు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతాలని ప్రపంచమంతా ఇప్పటికీ పాఠాలు చెబుతోంది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో నూట రెండేళ్ల వయసులో వెళ్లిపోయారు. మన స్టాటిస్టిక్స్ మేడమ్ ఈ పేపరు సంగతి పది నిమిషాల్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. బోర్డు లేకుండా, ఒక్క సూత్రం రాయకుండా చెప్పారు. ఎంత లెక్కలు కట్టినా ఒక అంచనాలో కొంత పొరపాటు మిగిలే తీరుతుందని, ఆ పొరపాటు ఇంతకంటే తగ్గదు అనే గీత రావుగారు గీశారని ఆవిడ అంటే, కామర్స్ చదివిన నాకు కూడా తలకెక్కింది.

తర్వాత సన్మానాలు. అందరి గురించీ రాయాలని ఉంది, కాగితం చాలదు. ముగ్గురి గురించి రాస్తాను.

ఒకరు 1966లో విద్యార్థి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో అమృతరావుగారు అక్టోబరు 15న నిరాహార దీక్ష మొదలుపెట్టారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీగారు ఫ్యాక్టరీ ప్రకటించే దాకా ఆ మాట నలుగుతూనే ఉంది. ఈ పెద్దాయన ఆ ఊరేగింపుల్లో నడిచినవారు. మైకు ఇస్తే తన గురించి ఒక్క మాట చెప్పలేదు. ఉక్కు ఫ్యాక్టరీ గురించి మాత్రం అరగంట మాట్లాడారు, మేం టైము అయిపోయిందని చీటీ పంపినా ఆపలేదు. ఆయన్ని ఆపే అర్హత మాలో ఎవరికీ లేదని చీటీ పంపాక అర్థమైంది.

రెండోవారు లేడీస్ రిప్రజెంటేటివ్‌గా గెలిచిన అమ్మగారు. లేడీస్ హాస్టల్‌లో సాయంత్రం గేటు వేసే టైము మార్పించడానికి, లైబ్రరీ నుంచి ఆలస్యంగా వచ్చే పరిశోధక విద్యార్థినులకు రాత్రి అన్నం ఉంచేలా చేయించడానికి ఏడాదంతా అధికారుల చుట్టూ తిరిగారట. పెద్ద ఉద్యమం కాదు, పేపర్లో రాలేదు. ఆమె ఆ సంగతి చెబుతుంటే అదే హాస్టల్లో ఆ తర్వాత ఉన్న మన సభ్యురాళ్లు నలుగురు లేచి వెళ్లి ఆమె కాళ్లకు దండం పెట్టారు. సభలో అందరికంటే ఎక్కువ చప్పట్లు అప్పుడే.

మూడోవారు మెస్ సెక్రటరీ. డివైడింగ్ సిస్టమ్ తెలియనివాళ్లు మనలో లేరు. నెలంతా అయిన ఖర్చును తిన్నవాళ్ల మీద పంచడం. వినడానికి ఎంత తేలికో, నడపడానికి అంత కష్టం. అతిథుల లెక్క, ఊరెళ్లినవాళ్ల లెక్క, ఆదివారం కోడికూర తిననివాళ్ల లెక్క, బియ్యం బస్తా ధర పెరిగితే నెల చివర గోల. ఈయన మెస్ నడిపిన ఏడాది ఒక్కరి పేరు కూడా బాకీదారుల బోర్డు మీదికి ఎక్కలేదట. ఇంటి నుంచి మనియార్డర్ రానివాళ్ల బిల్లు ఎవరికీ తెలియకుండా పరీక్షల దాకా ఆపేవారట. ఆ ‘ఎవరికీ తెలియకుండా’ బిల్లు ఆగిన కుర్రవాళ్లలో ఒకరు ఇవాళ మన సంఘం పోషక సభ్యులు. సభలోనే లేచి ఆ మాట తానే చెప్పారు.

ముఖ్య అతిథిగా వస్తానని మాట ఇచ్చిన ఒక ఉన్నతాధికారి గురించి కూడా చెప్పాలి. ఆయన కోసం ఎనభై ఏళ్లవాళ్లను స్టేజీ మీద చాలాసేపు కూర్చోబెట్టాం. చివరికి వచ్చి, జ్యోతి వెలిగించి, తన చదువు గురించి మాట్లాడి, మొదటి శాలువా కప్పకముందే వెళ్లిపోయారు. వచ్చే ఏడాది నుంచి ముఖ్య అతిథి వద్దని నా ప్రతిపాదన. సన్మానం పొందేవారే ముఖ్య అతిథులు.

ఇక ఆ చేతుల సంగతి. వాలంటీర్లుగా వస్తామని వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు చాలామంది. ఆ ఉదయం హాలుకు వచ్చి కుర్చీలు వేసింది మన సహాయ కార్యదర్శిగారు, ఆయన వయసు డెబ్బై పైమాటే. ఆయనతో పాటు ఆయన మనవడు, కేటరింగ్ కుర్రాళ్లు. మిగతావారు గ్రూప్ ఫొటో టైముకు పట్టుచీరలతో, కోట్లతో సమయానికి వచ్చారు. ఫొటో బాగా వచ్చింది. ముందు వరసలో కూర్చోవాల్సిన సన్మాన గ్రహీతలు వెనక నిలబడ్డారు, అదొక్కటే లోపం.

కృతజ్ఞతలు. శాలువాలు పోచంపల్లి నుంచి స్వయంగా తెచ్చిన కోశాధికారిగారికి, పెద్దలను రైల్వే స్టేషన్ నుంచి సొంత కార్లలో తీసుకొచ్చిన మిత్రులకు, పాత ఫొటోలు పెద్దవి చేయించి ప్రదర్శన పెట్టిన ఇంజనీరింగ్ బ్యాచ్‌కు, ప్రార్థన పాడిన అమ్మాయిలకు, మైకు మధ్యలో ఆగినా విసుక్కోని సౌండ్ తమ్ముడికి, భోజనంలో గోంగూర తప్పనిసరి అని పట్టుబట్టి గెలిచిన ఉపాధ్యక్షురాలు అక్కగారికి, విరాళాలిచ్చిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పేర్లు ఇక్కడ రాస్తే ఒకటి తప్పిపోయి ఏడాదంతా మాట పడాలి. కాబట్టి పూర్తి జాబితా విడిగా అచ్చువేసి ఇస్తున్నాం.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్‌గారి సంతకంతో జతచేశాం. సన్మాన సభ ఖర్చు విరాళాలకు కొంచెం పైగా అయింది, తేడా సాధారణ నిధి నుంచి సర్దాం. భోజనాల పద్దు ఎక్కువగా కనిపిస్తే కారణం ముందుగా చెప్పకుండా వచ్చిన అతిథులే. బ్యాంకు డిపాజిట్ కదపలేదు. ప్రశ్నలుంటే సమావేశంలో కోశాధికారిగారు జవాబు చెబుతారు.

చందాల విషయం ఒక్క మాట. సైన్స్ కాలేజీ కోసం ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన జయపురం మహారాజా విక్రమదేవవర్మగారి పేరు మనం ప్రతి సభలో గర్వంగా చెప్పుకుంటాం. అప్పట్లో లక్ష అంటే లక్షే. మన వార్షిక చందా ఒక పూట హోటల్ భోజనం ఖర్చు. సభ్యుల్లో సగానికి పైగా బాకీ ఉన్నారు.

వచ్చే ఏడాది పని ఒకటే ప్రతిపాదిస్తున్నాను: పాత యూనియన్, హాస్టల్ కార్యవర్గాల పేర్లతో ఒక రిజిస్టర్. సంవత్సరం, పదవి, పేరు, ఊరు. మీ దగ్గర ఉన్న మ్యాగజైన్లు, ఫొటోలు, పాత కరపత్రాలు ఇవ్వండి, కాపీ తీసుకుని తిరిగి ఇస్తాం. సన్మానానికి రాలేకపోయిన పెద్దల ఇళ్లకు కమిటీయే వెళ్లి శాలువా కప్పుతుంది. దీనికి కారు, ఒక ఆదివారం ఇవ్వగలిగినవారు చెప్పండి, బొటనవేలు గుర్తు వద్దు.

కొత్త కార్యవర్గానికి ఎన్నికలు కూడా ఈ సమావేశంలోనే. యూనివర్సిటీలో ఎన్నికలు ఆగిపోయాయని స్టేజీ మీద అందరం బాధపడ్డాం. మన సంఘంలో మాత్రం ఎన్నికలు ఆపినవాళ్లెవరూ లేకపోయినా, కార్యదర్శి పదవికి ఇప్పటివరకు ఒక్క నామినేషన్ కూడా రాలేదు. సమావేశం రోజు ఉదయం పది గంటల వరకు తీసుకుంటాం. ఫారాలు కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి, చందా బాకీ కట్టినవారికే ఇస్తారు.

ఇట్లు,
కార్యదర్శి
(కార్యవర్గం తరఫున)